నడకకు తాళం

నడకకు పైసా ఖర్చు లేదని మైకులో చెప్పిన మూర్ఖుల్లో నేనొకణ్ణి. పిలిచిన ప్రతి సభలోనూ చెప్పాను. చెప్పేసి, చప్పట్లు అందుకుని, వేదిక దిగి, రెండు వీధుల అవతల ఉన్న మా ఇంటికి ఆటోలో పోయాను. "నడిచి పోగూడదా సార్, ఇప్పుడే గద సెప్తివి" అని ఆటోవాడు కూడా ఒకసారి నవ్వాడు. నేనూ నవ్వాను. తన మీద జోకు వేస్తే తనకే అర్థం కాకుండా నవ్వగలగడం మూర్ఖుడికి దేవుడిచ్చిన వరం.

ఆదోనిలో తెలుగు పంతులుగా పనిచేసి రిటైరయ్యాను. ఇల్లు ఎమ్మిగనూరులో. ఉద్యోగమున్నంతకాలం ఆ రెండూళ్ళ మధ్య బస్సులో కూర్చుని, బడిలో కుర్చీలో కూర్చుని, ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని, మొత్తం మీద ఒక నిండు జీవితం కూర్చున్నాను. మాటలు కూర్చడానికీ మనిషి కూర్చోవడానికీ పెద్ద తేడా లేదనుకునే రకం. ఉపమ అంటే ఎంత ఇష్టమో ఉప్మా అన్నా అంతే ఇష్టం. మొదటిదాని గుర్తులు నా బడిపిల్లల చదువుల్లో మిగిలాయో లేదో గానీ, రెండోదాని గుర్తు చొక్కా గుండీల మధ్య నుంచి ఊరందరికీ కనిపిస్తుంది.

అలాంటి నన్ను పట్టుకుని ఒక ప్రభుత్వ శాఖవాళ్ళు, పెద్దవాళ్ళ చేత నడక, వ్యాయామం చేయించే కార్యక్రమానికి నినాదాలు రాయమన్నారు. ఏ శాఖ అని అడక్కండి. ఇన్ని శాఖలుండీ నీడ లేని చెట్టు లోకంలో ప్రభుత్వం ఒక్కటే. రాశాను. "నడిస్తే నాడి బాగు, కూర్చుంటే కూలబడతావు" అన్నది నాదే. ఊళ్ళో చాలా గోడల మీద నీలం రంగులో ఉంది. ఆ గోడల పక్కన మనిషి నడవడానికి జానెడు చోటు లేదు. అది నాకు కనిపించలేదు. నేను నా అక్షరాలనే చూసుకున్నాను.

ఆమె నాకు కనిపించింది అలాంటి సభలోనే. మగ్గాల వీధిలో ఉన్న సంఘం హాల్లో సుగరు, బీపీ పరీక్షలు చేస్తూ, మధ్యలో నా చేత మాట్లాడించారు. ఆడవాళ్ళందరూ చాపల మీద కూర్చున్నారు. ఒకామె మాత్రం వెనక స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. సన్నగా, పొడుగ్గా, కొంగు నడుముకు బిగించి. నేను నా నినాదాన్ని రాగంతో చదివి ఆపగానే ఆమె చెయ్యెత్తింది.

"సారూ, నడవమంటివి. బాగుంది. యాడ నడవాల?"

నేను చిరునవ్వు నవ్వాను. "ఎక్కడైనా నడవొచ్చమ్మా. నడకకు ఖర్చేముంది?"

"ఎక్కడైనా అంటే యాడ? మా ఈదిలో మోరీ పొంగినాది. ఆ పక్క పందులు. ఈ పక్క మోటరు సైకిళ్ళు నిలబెట్టినారు. పెద్దరోడ్డు మీద లారీలు. నువ్వు యాడ నడుస్తాండావో అది సెప్పు. నీ ఎనకనే వస్తాము."

హాలు హాలంతా నవ్వింది. నేను ఎక్కడా నడవడం లేదన్న సంగతి నా పొట్ట అప్పటికే వాళ్ళకు చెప్పేసింది. పంతుళ్ళ దగ్గర ఒక పాత చిట్కా ఉంది: జవాబు తెలియకపోతే "చాలా మంచి ప్రశ్న" అనాలి. అన్నాను. అని, మైకు డాక్టరు గారి చేతికిచ్చాను. ఆయన ఫోను చూసుకుంటున్నాడు.

బయటికొస్తుంటే గుమ్మంలో పట్టుకుంది. నన్ను పైనుంచి కిందికి ఒకసారి, నడుము దగ్గర ఆగి ఇంకోసారి చూసింది. "నువ్వు గూడా మా లెక్కనే కూకోని బతికినోడివి మాదిరి ఉండావు. పొద్దున్నే మా ఈదికి రా సారూ. మాట సెప్పినోడివి, నడిసి సూపియ్యాల గద."

పేరు రాయను. రాస్తే ఎవరో ఒకరు ఆ పేరు ఒక పార్కుకు పెడతారు. దానికీ తాళం వేస్తారు.

మరునాడు పొద్దున వెళ్ళాను. నాకు ముందు కనిపించింది ఆమె నడక కాదు, ఆమె కుడిచెయ్యి. నడిచేటప్పుడు ఆ చెయ్యి ముందుకు చాచి, ఏదో దువ్వుతున్నట్టు వెనక్కి లాగేది. అందరి చేతులూ ఊగుతాయి. ఈమెది పని చేసేది. రెండు రోజులు చూసి అడిగాను.

"అదా? అది కుంచె" అంది.

వాళ్ళ వీధిలో ఒకప్పుడు తెల్లవారుజామునే పడుగు చాచేవాళ్ళు. ఈ చివర నుంచి ఆ చివరకు దారాలు బిగించి కట్టి, గంజి పట్టించి, అది ఆరేలోపల పెద్ద కుంచెలతో దువ్వుకుంటూ ఆడా మగా ఆ పొడుగంతా పోతూ వస్తూ ఉండాలి. ఆగితే దారం అంటుకుపోతుంది. ఇప్పుడు పడుగు బయటి నుంచి తయారై చుట్టగా వస్తోంది. వీధిలో సిమెంటు పోశారు, సిమెంటు మీద బండ్లు నిలిపారు. మనుషులు ఇంట్లో గుంట మగ్గంలోకి దిగి, మోకాళ్ళ దాకా గుంటలో పెట్టుకుని, చీకటి పడేదాకా కూర్చుంటున్నారు.

"పడుగు ఈది ఇడిసిపెట్టి పోయినంక సుగరు ఈదిలోకి వచ్చినాది" అనేది ఆమె. అది నిజమో కాదో డాక్టర్లు చెప్పాలి. నేను అడిగిన డాక్టరు, "మీవాళ్ళు అన్నం ఎక్కువ తింటారండీ" అన్నాడు. ఆ మాట ఆమెకు చేరవేస్తే, "ఆయప్ప ఏం తింటాడో అడిగినావా?" అంది.

నడుస్తూ వెనక్కి తిరక్కుండానే మాట్లాడేది. నేనెప్పుడూ వెనకే కాబట్టి ఆమె మాటలన్నీ నాకు వీపులో నుంచే వినిపించాయి. "బేగి రా సారూ. నీ పొట్ట ఈడికొచ్చేసినాది, నువ్వు యాడుండావు?" ఆ వీధి ఆడవాళ్ళు నాకు 'మైకు సారు' అని పేరు పెట్టారు. మైకు లేకుండా నేను మనిషినే కాదన్న అర్థం అందులో ఉంది. అది సగం నిజం.

ఆమె ఇంత పట్టుగా నడవడానికి కారణం సరదా కాదు. సుగరు వల్ల కాలివేళ్ళు మొద్దుబారడం మొదలైంది. చీమ కుట్టినా తెలియదు. మగ్గం తొక్కుడు చెక్కల మీద కాలు పడిందో లేదో కిందికి వంగి చూసుకోవాల్సి వచ్చేది. "కాళ్ళు పోతే మగ్గం పోతాది సారూ. మగ్గం పోతే నేనెవరు?" అని ఒకేఒక్కసారి, అదీ వెనక్కి తిరిగి, నా ముఖం చూసి అంది. తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. మామూలుగా ఆమె దగ్గర దీనికి ఇంకో మాట ఉండేది: "గుంటలో కాళ్ళు పెట్టి బతికినోళ్ళం. ఇంకో గుంటలో పెట్టేలోపల కొన్నాళ్ళు బయట తిరగనీ."

ఆమెకు మొదట ఎదురైన చిక్కు లారీలు కాదు, సిగ్గు. మా వైపు ఆడమనిషి పనిలేకుండా వీధిలో నడిచిందంటే నలుగురూ ఆపి అడుగుతారు. సుమ్నే నడుస్తున్నాను అనకూడదు. సుమ్నే అంటే ఊరికే అని; సరిహద్దు అవతలి కన్నడం నుంచి మేం తెచ్చుకుని తిరిగివ్వని మాట. మగవాడు సుమ్నే కూర్చోవచ్చు, సుమ్నే నిలబడొచ్చు, టీకొట్టు దగ్గర సుమ్నే పుట్టి సుమ్నే పోవచ్చు. ఆడది సుమ్నే నడిస్తే మాత్రం ఇంట్లో గొడవైందనో, ఒంట్లో గాలి సోకిందనో అనుకుంటారు. అందుకని ఆ వీధి ఆడవాళ్ళు నడకకు వచ్చేటప్పుడు చేతిలో ఏదో ఒకటి పట్టుకుని వచ్చేవాళ్ళు. ఒకామె ఖాళీ పాలక్యాను. ఒకామె మడిచిన గోనెసంచి. ఇంకొకామె ఎప్పటికీ పిండిగిర్నీకి చేరని జొన్నల మూట. ఎవరైనా "యాడికక్కా?" అంటే క్యాను ఎత్తి చూపిస్తే సరిపోయేది.

ఈమె భుజాన ఒక నూలు చిలప, అంటే దారాల కట్ట, వేసుకుని వచ్చేది. రంగు అద్ది, పిండి, ఆరబెట్టాల్సిన తడి చిలప. "నడిసినట్టూ ఉంటాది, ఆరినట్టూ ఉంటాది" అనేది. నీళ్ళు కారి రవిక వెనకంతా ఎరుపో పసుపో అయ్యేది. వారంలో రోజుకో రంగు.

ఇంతలో ఆదోని రోడ్డు మీద, ఊరి చివర, పార్కు కట్టారు. చుట్టూ ఇనుప కంచె, లోపల గుండ్రంగా నడకదారి, బెంచీలు, ఆరుబయట వ్యాయామ పరికరాలు. ప్రారంభోత్సవానికి మైకు నా చేతిలోనే. "ఊరికి ఊపిరితిత్తి" అన్నాను. అన్నందుకు శాలువా కప్పారు. ఎండాకాలంలో శాలువా కప్పించుకునే జాతి మాది.

మరునాటి నుంచి ఆమె తన దండుతో అక్కడికే. నేనూ వెళ్ళాను, వెనక. నా జీవితంలో నేను చూసిన అందమైన సంగతుల్లో అదొకటి. కాళ్ళతో ఊగే యంత్రం ఎక్కి పాలక్యానామె చిన్నపిల్లలాగా అరిచింది. జొన్నలామె మూట బెంచీ మీద పెట్టి, చెప్పులు విడిచి, గుడికి ప్రదక్షిణ చేసినట్టు దండం పెట్టి మరీ నడక మొదలుపెట్టింది. ఈమె మాత్రం చేతులతో వేలాడే ఎత్తైన ఇనుప కమ్ముల కింద నిలబడి పైకి చూసింది. తట్టి చూసింది.

"ఎంత గట్టిగుండాయి సూడు. ఎవరప్పా ఇంత మంచి దండెం కట్టిచ్చినోడు? సల్లగుండాల."

భుజం మీది చిలప తీసి కమ్మికి వేసింది. కొంగు బిగించింది. చెయ్యి చాచి, లేని పడుగును దువ్వుకుంటూ నడకదారి పట్టింది. నాలుగు రోజుల్లో క్యాన్లు, సంచులు మాయమయ్యాయి. అందరి భుజాల మీదా చిలపలే. కమ్ములన్నిటి మీదా రంగురంగుల నూలు, కింద మనుషులు. నూలు ఆరేదాకా నడక. ఎవరైనా "యాడికక్కా?" అంటే, "నూలు ఆరేసుకోను" అని తలెత్తుకుని చెప్పగలిగే జవాబు దొరికింది వాళ్ళకు. సిగ్గు పోయింది. నడక నిలిచింది. నెల తిరక్కుండా పరీక్షలో ఆమె సుగరు దిగింది. ఆ చీటీ చదవడం రాకపోయినా వీధి వీధంతా తిప్పి చూపించింది.

చిలపలున్న కమ్ములను ఎవరో ఫోటో తీసి పై అధికారికి పంపారు. ఆయన ఆదోనిలో కూర్చుంటాడు. ఫోటోలో ఆయనకు నడుస్తున్న మనుషులు కనబడలేదు. కమ్ముల తెల్లరంగు మీద పడిన ఎర్ర మరకలు కనబడ్డాయి. వ్యాయామ పరికరాల దుర్వినియోగం అన్నాడు. రెండో రోజుకు గేటుకు తాళం పడింది. దాని పక్కన బోర్డు: 'ఈ పార్కు ప్రజల ఆరోగ్యం కోసం. లోపలికి ప్రవేశం లేదు.' రెండు వాక్యాలూ ఒకే చేతితో, ఒకే రంగులో రాశారు. నేను తెలుగు పంతుల్ని. వాక్యనిర్మాణంలో నాకు తప్పేమీ కనిపించలేదు. తప్పు మనిషి నిర్మాణంలో ఉంది.

ఆమె రోజూ పొద్దున వచ్చి ఆ గేటు పట్టుకుని గట్టిగా ఊపేది. నిద్రపోయేవాణ్ణి లేపినట్టు. లేవకపోతే ఒక మాట అనేది. అది ఇక్కడ రాయను. తర్వాత కంచె వెంబడే రోడ్డు అంచున నడక. లోపల ట్రాకు, బయట ట్రక్కు. మధ్యలో వాళ్ళు.

"సారూ, ఆ తాళమేసినోడు యాడుంటాడు? పోయి అడుగుదాం రా" అంది ఒకరోజు.

ఆదోని బస్సెక్కాం. సీటు ఖాళీగా ఉంది. ఆమె కూర్చోలేదు. కమ్మి పట్టుకుని దారిపొడుగునా నిలబడింది. కండక్టరు, "కూకోవ్వా, టిక్కెట్టు తీసుకుంటివి గద" అంటే, "పుట్టినప్పట్నించీ కూకున్యా నాయనా. సాలు" అంది. కూర్చున్న నా మోకాళ్ళు నాకే ఎబ్బెట్టుగా తోచి, చిన్ననాటి స్నేహితుడు కనబడినట్టు నటించి నేనూ లేచి నిలబడ్డాను.

ఆఫీసులో అధికారి మర్యాదస్తుడే. నాకు కుర్చీ చూపించాడు. ఆమెకు చూపించలేదు. చూపించినా ఆమె కూర్చునేది కాదు, కానీ చూపించలేదన్న సంగతి మాత్రం ఆమె గమనించింది.

"కావలి మనిషి పోస్టు మంజూరు కాలేదమ్మా. మనిషి లేకుండా తెరిచిపెడితే సామాను పాడవుతుంది" అన్నాడాయన.

"మేము కావలి ఉంటాము సారూ. వంతులేసుకుంటాము. జీతం అడగము."

"రూల్సు ఒప్పుకోవు."

"పోనీ, దండెం మీద నూలు వెయ్యము. ఒట్టు."

"అది దండెం కాదమ్మా. పరికరం."

"సరే, పరికరం మీద గూడా వెయ్యము."

ఆయన నవ్వాడు. నవ్వి, నాకు అర్థమవుతుందన్నట్టు నావైపు చూస్తూ ఆమెకు సలహా ఇచ్చాడు. "ఇంటి మిద్దె మీద నడవండి. ఇప్పుడు అందరూ అదే చేస్తున్నారు. తాళం సంగతంటారా, తాళంచెవి ఇక్కడ మా దగ్గరే భద్రంగా ఉంది. పోస్టు రాగానే తెరుస్తాం."

"మాది మట్టిమిద్దె సారూ" అంది ఆమె. "పైన నడిస్తే కింద మగ్గం మీద మన్ను రాలతాది. నేసిన గుడ్డ ఎవురు కొంటారు? నువ్వు కొంటావా?"

ఆయన ఫోను మోగింది. లేవకుండానే కాళ్ళతో నేలను తన్ని, కుర్చీతో సహా కిటికీ దాకా జారిపోయి, అటు తిరిగి మాట్లాడుకోసాగాడు. మెట్లు దిగుతూ ఆమె అంది: "సూసినావా సారూ, ఆయప్ప కుర్సీకి సక్రాలుండాయి. కూకున్నోడే తిరుగుతాండాడు. మనం కాళ్ళుండి యాడికీ పోలేము."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. వీపులో నుంచి కాకుండా ఎదురుగా నేను చూసిన ఆమె కోపం అదొక్కటే. అరవలేదు, తిట్టలేదు. ఆ కుడిచెయ్యి మాత్రం పక్కన వేలాడుతూ, దువ్వడానికి ఏదీ దొరకనట్టు, వేళ్ళు ముడుచుకుని తెరుచుకుంది.

పత్తి కాలం వచ్చింది. ఆ కాలంలో ఆదోని రోడ్డు మాది కాదు. మార్కెట్టుకు పోయే లారీలు అటూ ఇటూ పొంగుకొచ్చిన పత్తి బోరాలతో, బానపొట్ట వేసుకున్న పెళ్ళిపెద్దల్లా రోడ్డంతా తమదే అన్నట్టు పోతాయి. కోసిగి వైపు నుంచి సుగ్గికి పోయే కుటుంబాలతో, అంటే పనులు వెతుక్కుంటూ వలసపోయేవాళ్ళతో, కిక్కిరిసిన బండ్లు. పొద్దున్నే మంచు. ఆమె మిగతా ఆడవాళ్ళను కంచె వైపు పెట్టి, తాను రోడ్డు వైపు నడిచేది. "మీకు పిల్లలుండారు, లోపలికి జరగండి" అనేది. ఆమెకూ ఉన్నారు. ఆ మాట ఎవరూ అనలేదు.

ఆ రోజు నేను లేను. చలిగా ఉందని పడుకున్నాను. కబురు తెలిసి పరుగెత్తాను. అవును, నేను పరుగెత్తాను. ఆమెకు తగిలింది లారీయో ఇంకేదో, ఆ మంచులో ఎవరూ చూడలేదు. ఆగలేదు. ఆసుపత్రి దాకా కూడా ఆమె ఉండలేదు.

నేను పోయేసరికి రోడ్డు మీద లేదు. పార్కు గేటు తెరిచి ఉంది.

ట్రాఫిక్కుకు అడ్డమవుతోందని, బండి వచ్చేదాకా శవాన్ని లోపల పెట్టారు. నడకదారి మీద, నీడలో, పక్కన ఆ రోజు పసుపు చిలపతో. ఎవరు తెరిచారని అడిగాను. ఎదురుగా ఉన్న టీకొట్టు నుంచి తెచ్చారట తాళంచెవి. మొదట్నుంచీ అక్కడే, మేకుకు వేలాడుతూ ఉందట. ఆదోనిలో భద్రంగా ఉందన్న తాళంచెవి. మేం రోజూ ఆ టీకొట్టు ముందునుంచే నడిచాం.

ఒక మనిషి బతికి నడవడానికి రాని తాళంచెవి, చచ్చి పడుకోవడానికి పిలవగానే వచ్చింది. నాకు కోపం వస్తే ప్రాస వస్తుంది. ఇంట్లో వాళ్ళకు అది అలవాటే. ఆ రోజు ఏ ప్రాసా రాలేదు. బండి వచ్చి ఆమెను తీసుకుపోయాక, నా కళ్ళ ముందే గేటు మూసి మళ్ళీ తాళం వేశారు. వేసినవాడు తాళాన్ని రెండుసార్లు లాగి చూశాడు, సరిగ్గా పడిందో లేదో అని. ఇప్పటికీ నా నిద్రలో ఆ లాగడం వినిపిస్తుంది. వాడి మీద కాదు నా కోపం. లాగమని చెప్పినవాడి మీద. ఆ అధికారి ఫోనులో ఏమన్నాడో టీకొట్టు దగ్గర అందరూ విన్నారు: "రోడ్డు మీద నడవమని ఎవరు చెప్పారండీ వాళ్ళకి?"

ఎవరు చెప్పారు! డాక్టరు చెప్పాడు. గోడలు చెప్పాయి. నేను చెప్పాను. మీ శాఖ నీలం రంగులో చెప్పింది. నడవమని చెప్పడానికి డబ్బులున్నాయి, రంగులున్నాయి, మైకులున్నాయి, శాలువాలున్నాయి. నడవడానికి చోటు మాత్రం లేదు, ఉన్నచోటికి తాళం. సుగరు వచ్చినవాడిది తప్పు, అన్నం తిన్నవాడిది తప్పు, కూర్చున్నవాడిది తప్పు, లేచి నడిచినవాడిదీ తప్పు. తాళం వేసినవాడిది ఒక్కడిదే పద్ధతి.

ఆ వీధి ఆడవాళ్ళు నడక మానేశారు. చిలపలు మళ్ళీ ఇంటి గోడలకెక్కాయి. నేను పోయి పాలక్యానామెను అడిగితే, "ఎందుకులే సారూ, సుమ్నే" అంది. ఆ మాటకు ఇలాంటి అర్థం కూడా ఉంటుందని నాకు తెలియదు.

కొన్ని నెలలకు నాకు ఫోను వచ్చింది. ప్రజారోగ్యం కోసం, పెద్దలలో వ్యాయామం అలవాటు చేయడం కోసం విశేషంగా కృషి చేసినందుకు ఆ అధికారికి సన్మానం. పార్కులోనే. రేపు పొద్దున్నే పెట్టుకుని గంటలో ముగించి, తాళం వేసుకుని పోతారు. సన్మానపత్రం రాసి చదివిపెట్టాలి. "మీ అంత బాగా ఎవరు రాస్తారు సార్" అన్నారు.

కాదందామని నోరు తెరిచాను. ఇంతలో ఒక సంగతి తట్టింది. సన్మానపత్రం చదువుతున్నంతసేపూ సన్మానితుడు కదలకూడదు. మా సభల్లో దీనికి మించిన చట్టం లేదు. మెడలో దండ, భుజాన శాలువా, ఒళ్ళో పళ్ళబుట్ట పెట్టి కుర్చీలో కూర్చోబెట్టాక, చదివేవాడు ఆపేదాకా పిడుగు పడ్డా లేవడు. లేస్తే అపచారం. పైగా పత్రం తన గురించే కాబట్టి ఆపమని అనలేడు, పక్కవాళ్ళూ అననివ్వరు.

"రాస్తాను" అన్నాను. ఆ సాయంత్రం మగ్గాల వీధికి నడిచిపోయాను. "రేపు పొద్దున పార్కు గేటు తెరిచే ఉంటాది. నేను మైకు ఇడిసిపెట్టనంతసేపు ఎవరూ మూయలేరు. చిలపలు తడిపి ఉంచుకోండి" అన్నాను. పాలక్యానామె మగ్గం గుంటలో నుంచి లేచి వచ్చింది. "ఎంతసేపు మాట్లాడగలవు సారూ?" అంది. నా బతుకులో నేను గర్వంగా జవాబు చెప్పిన ప్రశ్న అదొక్కటే.

పొద్దున్నే పందిరి లేని వేదిక. ఆయన్ను కూర్చోబెట్టారు. కుర్చీకి చక్రాలు లేవు. దండ వేశారు, శాలువా కప్పారు, బత్తాయిల బుట్ట ఒళ్ళో పెట్టారు. ఎదురుగా ఆడవాళ్ళు, ఒద్దికగా, భుజాల మీద తడి చిలపలతో. నేను మైకు పట్టుకుని ఆయన వంశంతో మొదలుపెట్టాను. తాతగారి దానగుణం, నాయనమ్మ చేతివంట. ఏదీ నాకు తెలియదు; పొగడ్తకు తెలియాల్సిన పని లేదు. ఆయన ముఖం వెలిగింది.

ముందు పాలక్యానామె లేచింది. కమ్ముల దగ్గరికి పోయి చిలప వేసి, నడకదారి మీదికి దిగింది. తర్వాత జొన్నలామె. తర్వాత ఇద్దరిద్దరుగా, ముగ్గురు ముగ్గురుగా. కాసేపటికి కమ్ములన్నీ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. సభ అంతా లేచి మా చుట్టూ నడుస్తోంది. ఆయన చూశాడు. పరికరాలను చూశాడు. నోరు తెరవబోయాడు. నేను "కరుణాసముద్రులు" అన్నాను, మూసుకున్నాడు. బుట్ట కిందపెట్టి లేవబోయాడు. "వినయభూషణులు, పొగడ్త వినలేక లేవబోతున్నారు, చప్పట్లు!" అన్నాను, కూర్చున్నాడు. ఫోన్లు పట్టుకుని అందరూ ఆయన వినయాన్ని వీడియో తీశారు.

నడిచే ఆడవాళ్ళు మాట్లాడుకోవడం, నవ్వుకోవడం వినిపిస్తోంది. ఎండ ముదిరింది. శాలువా తీయడానికి వీల్లేదు. టీకొట్టాయన తాళంచెవి పట్టుకుని గేటు దగ్గర రెండుసార్లు వచ్చి నిలబడి, నన్ను చూసి, వెనక్కిపోయాడు. అధికారి వాచీ చూసుకున్నాడు, నా వైపు చూశాడు, మొదటిసారిగా నా ముఖంలో ఏం ఉందో చదివాడు.

నేను గొంతు సవరించుకుని, మంచినీళ్ళు తాగి, కాగితం తిప్పాను. సూర్యుడు సరిగ్గా ఆయన నడినెత్తి మీదికి వచ్చేసరికి, నేనింకా ఆయన బాల్యంలోనే ఉన్నాను.